బస్తా రేటా, క్వింటా రేటా? కిలోకి ఎంతో చూస్తేనే లెక్క తేలుతుంది

పెద్దవూర, మిర్యాలగూడ, కోదాడ వైపు వడ్లు కోతకొచ్చాయంటే కల్లం దగ్గర ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రేటు చెబుతారు. ఒకరు బస్తాకి ఇంత అంటారు, ఇంకొకరు క్వింటాకి ఇంత అంటారు, మరొకరు రేటు ఎక్కువ చెప్పి తరుగు తీస్తారు. వీటిలో ఏది మేలో తెలియాలంటే అన్నింటినీ ఒకే కొలతకు తేవాలి. దీన్నే యూనిట్ రేటు అంటారు. బడిలో నేర్పే ఏకవస్తు పద్ధతి ఇదే.

సూత్రం ఒక్కటే: మొత్తం ధరను మొత్తం పరిమాణంతో భాగించాలి. వచ్చేదే ఒక కిలో, ఒక లీటరు లేదా ఒక వస్తువు ధర.

ఉదాహరణకు ముగ్గురు కొనేవాళ్లు వచ్చారనుకుందాం.

మొదటి వ్యక్తి 75 కిలోల బస్తాకి 1,620 రూపాయలు ఇస్తానన్నాడు. 1,620ని 75తో భాగిస్తే కిలోకి 21.60.

రెండో వ్యక్తి తరుగు లేకుండా క్వింటాకి 2,200 అన్నాడు. క్వింటా అంటే 100 కిలోలు కాబట్టి కిలోకి 22.

మూడో వ్యక్తి క్వింటాకి 2,300 అన్నాడు, కానీ 5 కిలోల తరుగు తీస్తానన్నాడు. అంటే 100 కిలోలు తూకం వేసి 95 కిలోలకే డబ్బులిస్తాడు. 95ని 23తో గుణిస్తే 2,185. రైతు చేతికొచ్చేది కిలోకి 21.85 మాత్రమే.

వినడానికి 2,300 పెద్దగా ఉంది, కానీ నిజంగా ఎక్కువ ఇచ్చేది రెండో వ్యక్తే. 40 క్వింటాళ్ల మీద చూస్తే అతనికీ బస్తా రేటుకీ తేడా 1,600 రూపాయలు.

ఇక మద్దతు ధరతో పోల్చండి. 2025-26కి కేంద్రం సాధారణ రకం వడ్లకు క్వింటాకి 2,369, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు ప్రకటించింది. సాధారణ రకానికి కిలోకి 23.69 పడుతుంది. రెండో వ్యక్తి రేటు కంటే 1.69 ఎక్కువ. 40 క్వింటాళ్లకు 6,760 రూపాయలు! అయితే కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. అందుకే వడ్లు ఆరబెట్టే ఖర్చు, ఆగాల్సిన రోజులు కూడా లెక్కలో వేసుకోవాలి.

కిరాణా కొట్టులోనూ ఇదే లెక్క. 750 గ్రాముల నూనె ప్యాకెట్ 117 రూపాయలు, 910 గ్రాములది 137 అనుకుందాం. మొదటిది కిలోకి 156, రెండోది సుమారు 150.50. ఇక్కడ పెద్ద ప్యాకెట్టే చవక. కానీ ఎప్పుడూ అలా ఉండదు. కిలో బియ్యం 112 ఉండి, 5 కిలోల సంచి 575 ఉంటే సంచిలో కిలో 115 పడుతుంది. "పెద్దది కొంటే లాభం" అనుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

ప్యాకెట్ సరుకుల నియమాలను 2021లో సవరించి, యూనిట్ ధర కూడా ముద్రించాలన్నారు. కిలో లోపు ప్యాకెట్ మీద గ్రాముకి ఎంతో ఉంటుంది. దాన్ని 1,000తో గుణిస్తే కిలో ధర వస్తుంది.

ఒక్క జాగ్రత్త: పోల్చేటప్పుడు కొలత ఒకటే కావాలి. గ్రాములను కిలోలతో, లీటర్లను కిలోలతో కలపొద్దు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కదా, సరే అనే ముందు ఒక్కసారి భాగించి చూడండి.