పెట్టెలోని పాత నోటుకు వెల ఎంత?

మా అత్తగారి ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో, మొన్న ఒక హైదరాబాదు అయిదు రూపాయల నోటు బయటపడినది. వారి పుట్టిల్లు రాయచూరు. 1956 వరకు ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే గదా! నిజాము ప్రభుత్వం 1918 నాటి చట్టంతో సొంత నోట్లు వేసినది. మొదట్లో అచ్చు లండనులోని వాటర్లో కంపెనీవారిది. వెల ఉర్దూతోబాటు తెలుగు, కన్నడ, మరాఠీ, ఇంగ్లీషులలో కూడ వ్రాసి ఉంటుంది. బ్రిటిషు రూపాయలు ఆరింటికి ఆ హాలీ సిక్కా రూపాయలు ఏడు. 1959లో వాటి చెలామణి ముగిసినది.

మా పిల్లవాడు దాని ఫొటో ఫోనులో పెట్టగానే ఎవరో పెద్దమనిషి మాట్లాడి, మూడు లక్షలు ఇప్పిస్తాము, ముందు రిజిస్ట్రేషను ఫీజు కట్టండి అన్నాడు. వాడు రెండువేలు కట్టిన తరువాత గాని మాకు తెలియలేదు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇట్లా ఫీజులు గుంజేవారున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించి ఉన్నది. ఆ రెండువేలు తిరిగి రాలేదు.

బుద్ధి వచ్చి నోటును చిక్కపేట వైపు ఒక పాత నాణేల వర్తకునికి చూపించితిమి. ఆయన అంచులు పట్టుకొని దీపానికెదురుగా ఎత్తి, మడతలు, గుండుసూది బొక్కలు, మూలల అరుగుదల చూచినాడు. చినుగుకు మేమంటించిన టేపు కనబడగానే పెదవి విరిచినాడు. పైగా మా ఆవిడ ఇస్త్రీ కూడ చేసినది! కాగితం కళ చచ్చి, అది అద్దంలో ఇట్టే తెలిసిపోవునట. ఉన్నదున్నట్లు తెచ్చినట్లయితే ఇంతకు రెట్టింపు ఇచ్చేవాడినన్నాడు.

పాతదైతే చాలుననుకొనుట మన పొరపాటు. 1949లో వచ్చిన నాలుగు సింహాల రూపాయి నోటు పెక్కు ఇళ్ళలో దొరకును. 1918లో వచ్చిన రెండు రూపాయల ఎనిమిదణాల నోటు కొద్దికాలమే నడచినది గనుక, నలిగినదైనా గిరాకీయే. ఒకే రకం నోటులో కూడ సంతకాన్నిబట్టి వెల మారును. రూపాయి నోటుపై ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం, తక్కిన వాటిపై గవర్నరు సంతకం చూడవలెను. అడిగిన ధర వేరు, పలికిన ధర వేరు. మన ఊరి మరుధర్ ఆర్ట్స్ వంటి వేలం సంస్థలలో పలికిన ధరలు చూచిన తరువాతనే బేరానికి కూర్చొనుట మేలు.

ఇంకొక మాట. 2016లో రద్దయిన అయిదువందలు, వేయి నోట్లు పదికి మించి ఉంచుకొనుట 2017 చట్టం ప్రకారం నేరం. సేకరణకైతే ఇరవైయైదు దాకా చెల్లును.

వర్తకుడు చెప్పిన వెల మా ఇంటి నెల పాల ఖర్చుకు సరిపోవును. టేపు పీకవద్దని, మంచి ప్లాస్టిక్ కవరులో ఉంచుమని చెప్పినాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకొని, నోటుపై తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదివి, "మా నాయన జీతంలోది, అమ్మనక్కరలేదు" అని మళ్ళీ పెట్టెలో పెట్టించినారు. ఈసారి కవరుతో.