మోకాలికి ఆపరేషన్, గుండెకు దడ

మోకాలి మార్పిడి చేయించుకొని ఇంటికొచ్చినవాళ్లు మొదటి వారం నొప్పి గురించి చెబుతారు. రెండో వారంలో మాట మారుతుంది. "నొప్పయితే ఓర్చుకుంటా నాయనా, రాత్రంతా రెప్ప పడదు, పండుకుంటే గుండె చెవుల్లో కొట్టుకున్నట్టుంటాది" అంటారు. కోవిడ్ కాలంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి తగిలిస్తే నాడి 98 అనో 104 అనో చూపిస్తుంది. మోకాలు కోస్తే గుండెకేమైనా అయిందా అని ఇంటిల్లిపాదికీ అనుమానం మొదలవుతుంది.

చాలామందిలో గుండె బాగానే ఉంటుంది. అది వేగంగా కొట్టుకోవడానికి కారణం వేరేచోట ఉంటుంది: తగ్గిన రక్తంలో, తాగని నీళ్లలో, మందుల సంచిలో. అరుదుగా కాలి సిరలో గడ్డకట్టిన రక్తంలో. ఆ కారణమేదో వెతకకుండా నిద్రమాత్ర వేసి పడుకోబెట్టడం పొరపాటు.

అనంతపురం జిల్లాలో మోకాళ్లు అరగడానికి కారణాలు ఎవరూ చెప్పక్కర్లేదు. శెనక్కాయ చేలో కలుపు తీయడం, రాలిన కాయ ఏరడం, అన్నీ గొంతుక్కూర్చుని చేసే పనులే. బోర్లు లోతుకు పోయిన ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు కీళ్లను బిగదీసిన కథ ఇంకొకటి. ఒకప్పుడు ఈ ఆపరేషన్ పెద్దవాళ్ల వ్యవహారం. ప్రధానిగా ఉండగా వాజ్‌పేయి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబై బ్రీచ్ క్యాండీ ఆస్పత్రిలో మార్పించుకున్నప్పుడు దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. ఆపరేషన్ చేసిన చిత్తరంజన్ రణావత్, 1970లలో న్యూయార్క్‌లో ఆధునిక కృత్రిమ మోకాలిని రూపొందించిన వైద్యుల్లో ఒకరు. 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల ధరకు కళ్లెం వేసింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలను అప్పట్లో గరిష్ఠ ధరగా పెట్టింది. దాంతో రైతు కుటుంబాలు కూడా బెంగళూరుకో, తిరుపతి బర్డ్ ఆస్పత్రికో ధైర్యం చేసి వెళ్లగలుగుతున్నాయి.

వెళ్లేముందు ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇది చిప్ప తీసి చిప్ప పెట్టడం కాదు. తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పై కొసనూ కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, లోహపు తొడుగులు బిగించి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. డాక్టరుకు అది మరమ్మతు. శరీరానికి మాత్రం అది పెద్ద గాయం. గాయం తగలగానే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లను వదులుతుంది. అవి గుండెను తొందర పెడతాయి, మెదడును మెలకువగా ఉంచుతాయి. అందుకే ఊరికే కూర్చున్నప్పుడు కూడా నాడి మామూలు కంటే నిమిషానికి 10, 20 దాకా ఎక్కువ ఉండటం, కొన్ని వారాలు అలాగే కొనసాగడం వింతేమీ కాదు. నిద్ర లేకపోతే ఆ హార్మోన్లు ఇంకా పెరుగుతాయి, నాడి ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర, కలల నిద్ర రెండూ దాదాపు మాయమవుతాయి. కలల నిద్ర తిరిగొచ్చేటప్పుడు పీడకలలతో రావడమూ మామూలే. వాంతులు, వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ కూడా ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడగొడుతుంది.

ఇక రక్తం. ఆపరేషన్ బల్ల మీద పోయింది కొంతే. తర్వాత కీలు లోపలికీ, తొడ కండరాల్లోకీ ఊరేది కనపడదు. తొడ నుంచి చీలమండ దాకా నల్లగా, పచ్చగా కమిలిపోతుంది చూడండి, అదే. హిమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు తగ్గడం సాధారణం. 13 ఉన్నవాళ్లు 10కి దిగితే తట్టుకుంటారు. 10తో బల్ల ఎక్కినవాళ్ల సంగతి? ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మోకాలు మార్పించుకునే అవ్వలు ఆ వయసు దాటివచ్చిన వాళ్లే. రక్తంలో ప్రాణవాయువును మోసేది తగ్గినప్పుడు గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడుస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం దీనికి తోడు.

సరిగ్గా ఈ సమయంలోనే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, మాంసం అరగదని అన్నీ మాన్పించి, రెండు పూటలా చారన్నం పెడతారు. ప్రేమతో చేసే ఈ పని పుండు మానడాన్నీ, రక్తం పట్టడాన్నీ వెనక్కి లాగుతుంది. పప్పుతో చీము పట్టదు, క్రిములతో పడుతుంది. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, ఇంత శెనక్కాయల ఊరిబిండి, ఇవన్నీ పెట్టండి. డాక్టరు ఐరన్ మాత్ర రాస్తే దాన్ని టీతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో మింగించండి.

నీళ్ల విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పట్టణాల కోసం రాసిన సలహాల్లో ఇది రాదు. కొత్త మోకాలితో మంచం దిగడం ఒక యజ్ఞం. మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది, అదీ కింద కూర్చునే రకం. అందుకని ముసలివాళ్లు ఎవరికీ చెప్పకుండా నీళ్లు తగ్గించేస్తారు. తాగకపోతే లేవక్కర్లేదు కదా. బయట ఎండ 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది. చర్మాన్ని చల్లబరచడానికి రక్తం పైపైకి పోతుంది. ఉన్న కాస్త రక్తాన్నే వేగంగా తిప్పడానికి గుండె పరుగు పెడుతుంది. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర వాడుతున్నవాళ్లకు ఇది రెండింతలు. ఆ పైన నొప్పికని డైక్లోఫెనాక్ సూదులు వేయించుకుంటే కిడ్నీలకే ఎసరు. ఊళ్లో ఆర్‌ఎంపీ మంచివాడే కావచ్చు, ఆ సూది మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరును అడగకుండా వద్దు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తక్కువ తాగమన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగాలి. ఎక్కువ భాగం సాయంత్రం లోపే. మంచం పక్కన కమోడ్ కుర్చీ ఒకటి కొనిపెడితే సగం బాధ తీరుతుంది. దిండ్ల కంటే, టానిక్కుల కంటే ముందు దానికే డబ్బు పెట్టాలి.

ఎండాకాలం రాత్రుల్లో ఇంకొకటి ఉంది. ఇంటివాళ్లంతా చాపలు చుట్టుకుని మిద్దె మీదికి పోతారు. మెట్లెక్కలేని మనిషి పగలంతా కాగిన గదిలో ఒక్కరే మిగులుతారు. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త తగ్గాలి, ఆ గదిలో అది తగ్గదు. మంచం వరండాలోకి మార్చి, ఒకరు పక్కన పడుకుంటే చాలు, మాత్ర చేయని మేలు జరుగుతుంది.

మందుల సంచి ఒకసారి మంచం మీద కుమ్మరించి చూడండి. ఎన్నాళ్లుగానో వాడుతున్న అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి బీపీ మాత్రలు అందులో ఉన్నాయా? ఆస్పత్రి వాళ్లు కొత్త పట్టీలు ఇచ్చారు కాబట్టి పాతవి అక్కర్లేదనుకుని పక్కన పెట్టేసే ఇళ్లు ఎన్నో. ఈ రకం మాత్రలు ఉన్నపళంగా ఆపితే గుండె ఎగిరెగిరి కొట్టుకుంటుంది. నొప్పికిచ్చే ట్రమడాల్ కొందరిలో నిద్రను చెడగొట్టి, చెమటలు, దడ తెప్పిస్తుంది. వారాల తరబడి వాడి ఒక్కసారి మానేసినా అంతే. అలాగని ట్రమడాల్ మీద నిద్రమాత్ర వేస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అర్ధరాత్రి తూలి పడితే కొత్త మోకాలికే ముప్పు.

ఇవన్నీ నిదానంగా సరిదిద్దుకోదగ్గవి. ఆగకూడనిది ఒకటుంది. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. ఆపరేషన్ తర్వాతి మొదటి వారాల్లో ఈ భయం ఎక్కువ, అందుకే రక్తం పలచబడే మందు ఇస్తారు. అది ఒక్క రోజు కూడా మానకూడదు. బెంగళూరు నుంచి కారులో అనంతపురం రావడానికి నాలుగు గంటలు. కాలు ముడిచి కదలకుండా కూర్చోకుండా, గంటకోసారి ఆపి నాలుగడుగులు నడిపించాలి. పిక్క వాచి గట్టిపడి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఎగశ్వాస, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, సొమ్మసిల్లడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, మోకాలి ఆపరేషన్ ఏ తేదీన అయిందో ముందే చెప్పాలి. కదలకుండా ఉన్నప్పుడు నాడి 120 దాటినా అంతే. రోజంతా 100 దిగకపోయినా, లయ తప్పి కొట్టుకుంటున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. చలిజ్వరం వచ్చి, మోకాలు ఎర్రబడి రసి కారుతుంటే ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. జ్వరం ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితే నాడి దాదాపు 10 పెరుగుతుంది.

నాడి చూడటానికీ ఒక పద్ధతి ఉంది. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందు, మణికట్టు దగ్గర నిండా ఒక నిమిషం లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. దేనితో పోల్చాలంటారా? ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీ ఫైల్లోనే ఉంటుంది, దాని మీద గుండె వేగం అచ్చయి ఉంటుంది. వారం వారం అంకె ఆ వైపు దిగుతుంటే దిగులక్కర్లేదు. అమెరికా నుంచి కొడుకు పంపిన వాచీని మాత్రం రాత్రి తీసి పక్కన పెట్టండి. మూడు గంటలకు లేచి అంకె చూసుకుంటే భయానికే ఇంకో పది పెరుగుతుంది.

నిద్రకు చేయగలిగినవి చిన్నవే. వ్యాయామం పగలు చేయించి, రాత్రి నొప్పి మాత్రను డాక్టరు చెప్పిన మేరకు పడుకునే ముందు పడేలా చూడాలి. దిండు మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది గానీ కాలు చాపరాకుండా బిగుసుకుపోతుంది. మడమ, పిక్క కింద పెట్టాలి. పరామర్శకు వచ్చేవాళ్లు పోయాక మధ్యాహ్నం రెండు మూడు గంటలు పడుకునే అలవాటును అరగంటకు కుదించాలి. చాలామందికి ఆరు వారాల నుంచి మూడు నెలల్లో నిద్ర దారికొస్తుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది.

రివ్యూకు వెళ్లినప్పుడు ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి "బాగా అతికింది" అనగానే లేచి రాకండి. నాడి రాసిన కాగితం, పాత బీపీ మాత్రల పట్టీ బల్ల మీద పెట్టి, హిమోగ్లోబిన్, సోడియం, పొటాషియం, కిడ్నీ పరీక్షలు చేయించాలా, ఇంకోసారి ఈసీజీ తీయాలా, థైరాయిడ్ చూడాలా అని అడగండి.