ఎన్ని అంగుళాలు?

1979 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నడిబొడ్డున ఉన్న నేషనల్ మాల్ మైదానం ట్రాక్టర్లతో నిండిపోయింది. గిట్టుబాటు ధర కోసం వేలమంది రైతులు వాటిని తోలుకుంటూ రాజధానికి వచ్చారు. పోలీసులు చెత్త లారీలు, బస్సులు అడ్డంపెట్టి వాళ్లను మైదానంలోనే కట్టడి చేశారు. ఆ రోజుల్లోనే, 18, 19 తేదీల్లో, నగరం మీద మంచు విరుచుకుపడింది. విమానాశ్రయంలో కొలిస్తే 18.7 అంగుళాలు. ఎక్కడి కార్లు అక్కడే కూరుకుపోయాయి. అంతదాకా ఊరికి బెడదగా కనబడ్డ ట్రాక్టర్లే దారులు తీశాయి, డాక్టర్లనూ నర్సులనూ ఆసుపత్రులకు చేర్చాయి.

ఇంత పడుతుందని వాతావరణ శాఖ మోడల్ చెప్పలేదు.

మోడల్ అంటే చూడటానికి బొమ్మేమీ ఉండదు. గాలి కదలికకూ, వేడికీ, తేమకూ సంబంధించిన భౌతిక సూత్రాలను కంప్యూటర్ చేయగల కూడికలు, గుణకారాలుగా మార్చిన ప్రోగ్రామ్ అది. ఆకాశాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఈ క్షణాన ఉన్న ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి వేగం చెబితే, కొన్ని నిమిషాల తర్వాత అవెలా ఉంటాయో లెక్కగడుతుంది. వచ్చిన జవాబు మీద మళ్లీ లెక్క, దాని మీద మళ్లీ. అలా రోజుల తరబడి ముందుకు పోతుంది.

ఈ పని మొదట చేతితో చేసినవాడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. యుద్ధాన్ని ఒప్పుకోని క్వేకర్ మతశాఖవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా 1910 మే 20 నాటి కొలతలతో ఆరు గంటల వాతావరణాన్ని లెక్కించాడు. మధ్యలో ఆ కాగితాలు పోయాయి, కొన్ని నెలలకు బెల్జియంలో బొగ్గుకుప్ప కింద దొరికాయి. ఫలితం ఘోరం. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. ఆ రోజు నిజానికి దాదాపు ఏ మార్పూ లేదు. అయినా 1922లో ఆ తప్పు లెక్కనే పుస్తకంలో వివరంగా అచ్చువేశాడు. విజ్ఞాన చరిత్రలో ఇంత ఫలించిన తప్పు అరుదు. పద్ధతి సరైనదేననీ, మొదట వేసిన అంకెల్లోని చిన్న తేడాలే కొంప ముంచాయనీ తరువాతివాళ్లు తేల్చారు.

1950లో ఆ లెక్క యంత్రానికెక్కింది. మేరీలాండ్‌లోని అబర్డీన్‌లో ఎనియాక్ కంప్యూటర్ మీద చార్నీ, వాన్ నాయ్‌మన్ బృందం 24 గంటల సూచన తయారుచేసింది. తయారీకి కూడా ఇంచుమించు 24 గంటలే పట్టింది. గడికీ గడికీ మధ్య దూరం 736 కిలోమీటర్లు. తేలింది పై గాలుల తీరు ఒక్కటే, వానా మంచూ దాని లెక్కలోనే లేవు.

1979 నాటికి గళ్లు చాలా చిన్నవయ్యాయి కానీ, తీరం పక్కన గంటల వ్యవధిలో బలపడే తుపానును పట్టేంత చిన్నవి కాలేదు. నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేస్తున్న లూయీ ఉచెలీనీ ఆ తుపానును ఏళ్ల తరబడి విప్పి చూశాడు. పైన దూసుకుపోయే జెట్ గాలులు, సముద్రమిచ్చే వేడి, తేమ, ఆవిరి మేఘంగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి, ఇవన్నీ ఒకదానికొకటి ఎలా తోడయ్యాయో బయటపడింది. 1993 మార్చి నాటికి ఆయన జాతీయ వాతావరణ కేంద్రంలో సూచనల విభాగానికి అధిపతి. ఆ నెల 12 నుంచి 14 దాకా అమెరికా తూర్పు సగాన్ని ఊపేసిన మహా తుపానును దాదాపు అయిదు రోజుల ముందే పసిగట్టారు. మొదటి మంచు రేణువు రాలకముందే కొందరు గవర్నర్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. దక్షిణాదిన అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో సైతం అడుగు మంచు పేరుకుంది.

తుపాను వస్తుందని చెప్పడం ఒక ఎత్తు, ఎన్ని అంగుళాలో చెప్పడం ఇంకో ఎత్తు. మోడల్ నేరుగా ఇచ్చేది నీటి లెక్క. దాన్ని మంచులోకి మార్చాలి. అంగుళం నీటికి పది అంగుళాల మంచు అన్నది పాత మోటు లెక్క. మేఘంలో చలి సున్నాకు 12 నుంచి 18 డిగ్రీలు దిగువన ఉంటే కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న రేణువులు పుట్టి, ఏకిన దూదిలా గుల్లగా పేరుకుంటాయి, అంగుళం నీరు 20 అంగుళాలు కావచ్చు. తడి మంచైతే అయిదుకే ఆగిపోవచ్చు. నడిమి ఎత్తులో గాలి పొర ఒకటి సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైనుంటే చాలు, రేణువు దారిలోనే కరిగి, కింద మళ్లీ గడ్డకట్టి, మంచు గింజలుగా రాలుతుంది. అప్పుడు అంగుళాల లెక్క మొత్తం తారుమారు.

మోడల్‌కు మొదట అందించే ఇన్ని కొలతలు ఎక్కడివంటే, ఉపగ్రహాలు, విమానాలు, ఓడలు, వాటితోపాటు బెలూన్లు. మన గడియారంలో ఉదయం, సాయంత్రం అయిదున్నర వేళకు ప్రపంచమంతటా ఒకేసారి కొలతలు అందేలా బెలూన్లను వదులుతారు. విశాఖపట్నం, హైదరాబాద్ కూడా ఆ వలలోవే. అక్కడి గాలి చెప్పిన అంకెలు పిసరంతైనా న్యూయార్క్ మంచు లెక్కలో కలుస్తాయి. అయినా ఆకాశంలో కొలవని చోట్లే ఎక్కువ. ఒక అంకెలో చివరి దశాంశాలు వదిలేస్తే సూచన మొత్తం వేరే దారి పడుతుందని 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ గమనించాడు. దానికి విరుగుడుగా 1992 డిసెంబరు నుంచి యూరప్, అమెరికా కేంద్రాలు ఆరంభపు అంకెలను కొద్దికొద్దిగా మార్చి ఒకే మోడల్‌ను పదే పదే నడుపుతున్నాయి. యూరప్ కేంద్రం ఇప్పుడు 51 సార్లు నడుపుతుంది. అన్ని జవాబులూ ఒకచోట గుమిగూడితే ధైర్యం, చెదిరితే అనుమానం.

2015 జనవరిలో ఆ జవాబులు చెదిరాయి. న్యూయార్క్‌కు 20 నుంచి 30 అంగుళాలని అధికారిక హెచ్చరిక. 2012లో శాండీ తుపాను మలుపును వారం ముందే చెప్పిన యూరప్ మోడల్ భారీ మంచునే చూపింది. అంతకు కొద్ది రోజుల ముందే మెరుగుపడిన అమెరికన్ మోడల్ తగ్గించి చెప్పింది. పేరున్నదాని వైపే మొగ్గు చూపారు. 26వ తేదీ రాత్రి సబ్‌వే (భూగర్భ రైలు) మూసేశారు. మంచు పడుతుందని దాన్ని ఆపడం చరిత్రలో అదే మొదటిసారి. తెల్లారేసరికి తుపాను కాస్త తూర్పుకు ఒదిగింది. సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్‌లో మాత్రం 24.9. నిజానికి తుపానంత పెద్ద వ్యవస్థకు అది చిన్న పొరపాటే. కోటిమంది ఆ అంచు మీద కాపురం ఉండటంతో పెద్దదైంది. న్యూజెర్సీలోని మౌంట్ హోలీ వాతావరణ కార్యాలయం అధిపతి గ్యారీ స్జాట్కోవ్‌స్కీ ట్విట్టర్‌లో క్షమాపణ చెప్పాడు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఆయన పరిధిలోదే. అప్పటికి జాతీయ వాతావరణ సంస్థ డైరెక్టర్ ఉచెలీనీయే. అనిశ్చితిని జనానికి ఇంకా బాగా చెప్పాల్సిందని విలేకరులతో ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ సంస్థ మంచు పటాలు కనీసం ఇంత, బహుశా ఇంత, మించితే ఇంత అని మూడు రకాలుగా వస్తున్నాయి. టీవీ తెర మీదికి మాత్రం తరచూ ఒక్క అంకే ఎక్కుతుంది, అదీ పెద్దదే.

ఏడాది తిరిగేసరికి, 2016 జనవరిలో, మరో తుపాను వచ్చింది. వాషింగ్టన్‌కు రోజుల ముందే గట్టిగా హెచ్చరించారు. న్యూయార్క్‌కు రెండు రోజుల ముందు వరకు ఇచ్చిన అంకెలు అసలు పడినదానికి చాలా దిగువన ఉన్నాయి. సెంట్రల్ పార్కులో చివరికి తేలినవి 27.5 అంగుళాలు, 1869 నుంచి ఉన్న లెక్కల్లో అన్నిటికంటే ఎక్కువ.