తేదీ దాటితే పారేయాల్సిందేనా?

రంజాన్‌కు మండీబజార్‌లో కొన్న సేమియా ప్యాకెట్ ఒకటి మిగిలిపోయింది. తేదీ అయిపోయిందని అమ్మీ పారేయబోయింది. చూస్తే దానిమీద రెండు తేదీలున్నాయి. ‘బెస్ట్ బిఫోర్’ దాటింది, ‘యూజ్ బై’కి ఇంకా నెల ఉంది. ఆదివారం ఖీర్ అయింది.

బెస్ట్ బిఫోర్ అంటే అప్పటిదాకా రుచి, వాసన బాగుంటాయని కంపెనీ మాట. యూజ్ బై లేదా ఎక్స్‌పైరీ దాటితే మాత్రం తినకూడదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో తప్పనిసరి ఈ రెండోదే. బెస్ట్ బిఫోర్ వేయడం కంపెనీ ఇష్టం. ఎక్స్‌పైరీ అయినదాన్ని ఫకీరుకు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది ఖైరాత్ ఎట్లా అవుతుంది?

ఇంకో సంగతి, ఆ తేదీ సీల్ తీయని ప్యాకెట్‌కే, అదీ లేబుల్ మీద చెప్పినట్టు దాస్తేనే. మన వరంగల్ మే ఎండలో పాల ప్యాకెట్ బయట పెడితే తేదీ రేపటిదైనా సాయంత్రానికే విరిగిపోతుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక అంచనాలో మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏటా 55 కిలోల ఆహారం చెత్తలోకి పోతోంది, తొక్కలు, ఎముకలతో కలిపి. ఐదుగురున్న ఇంట్లో 275 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు పదకొండు!

దుకాణంలో ఎక్స్‌పైరీ అయిన సరుకు అంటగడితే బిల్లు, ప్యాకెట్ దాచుకుని 1800112100కు ఫోన్ చేయండి.