కదలని కుర్చీలో వికారం: కొలిచేదెలా?

బస్సు ప్రయాణంలో వాంతులయ్యేవారికి శొంఠి, ఉప్పు అద్దిన నిమ్మబద్ద సూచించడం నా వైద్యవృత్తిలో నిత్యకృత్యం. అయితే అంగుళమైనా కదలని కుర్చీలో కూర్చుని వికారం తెచ్చుకున్న రోగిని మొదటిసారి చూసింది మా ఇంట్లోనే. అతడు నా మేనల్లుడు; విమానచోదక శిక్షణ పొందుతున్నాడు. కళ్లకు వర్చువల్ రియాలిటీ పరికరం తగిలించుకుని, సిమ్యులేటర్‌లో గగనవిహారం చేసి వచ్చిన ఒక సాయంత్రం, ముఖం పాలిపోయి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అక్కడ ఎవరికీ చెప్పలేదట్రా?" అని అడిగాను.

"చెబితే ఆకాశానికి పనికిరాననుకుంటారు మామయ్యా" అన్నాడు.

తల తిరుగుతుండగానే పది కిలోమీటర్లు మోటారు సైకిలు నడుపుకుంటూ వచ్చాడని విని నా గుండె ఝల్లుమంది.

ఇది అసమర్థత కాదు. కన్ను 'ఎగురుతున్నాను' అంటుంది. లోచెవిలోని సమతౌల్య యంత్రాంగం 'కూర్చునే ఉన్నాను' అంటుంది. ఈ రెండు సాక్ష్యాలు పొసగకపోవడమే వికారానికి మూలమని అధికుల అభిప్రాయం. 1957లో అమెరికా నౌకాదళపు హెలికాప్టర్ సిమ్యులేటర్‌ను పరీక్షించినప్పుడే ఈ బాధ నమోదయింది. అప్పుడు విద్యార్థులకంటే అనుభవజ్ఞులైన శిక్షకులే ఎక్కువగా బాధపడ్డారన్న సంగతి మావాడికి చెప్పగానే వాడి ముఖం కాస్త తేటపడింది.

బాధను కొలిచే సాధనం 1993లో వచ్చింది. రాబర్ట్ కెన్నెడీ, ఆయన సహచరులు నౌకాదళపు సిమ్యులేటర్ల అనుభవం నుండి పదహారు లక్షణాల ప్రశ్నావళిని రూపొందించారు. నోరూరడం, చెమట, త్రేన్పులు, కంటి శ్రమ, కళ్లు మూసుకున్నా తల తిరగడం వంటివి అందులో ఉన్నాయి. మన వైద్యులు హృల్లాసాన్నీ భ్రమనూ వేర్వేరుగా విచారించినట్లే, వారు కూడా వికారం, నేత్రశ్రమ, దిక్కుతోచనితనం అని మూడు వర్గాలు చేశారు. ప్రతి లక్షణానికీ సున్నా నుండి మూడు వరకు అంకె. కొన్ని లక్షణాలు రెండు వర్గాలలోనూ చేరతాయి. మూడు వర్గాల మొత్తాన్ని 3.74తో గుణించాలి.

ఆ రాత్రే మావాడి చేత పూరింపజేశాను. వికారం రెండు, కళ్లు మూస్తే తల తిరగడం రెండు, అస్వస్థత, తలనొప్పి, కంటి శ్రమ ఒక్కొక్కటి. వర్గాలవారీగా మూడు, మూడు, నాలుగు, మొత్తం పది. అనగా 37.4. దిక్కుతోచనితనమే పైచేయి అయింది. పాత సిమ్యులేటర్లలో నేత్రశ్రమ, తలకు తగిలించుకునే పరికరాలలో దిక్కుతోచనితనం ముందుంటాయని 1997 నాటి పరిశీలన.

ఇక శొంఠి సంగతి. 1982లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్షలో, తిరిగే కుర్చీలో కూర్చున్న 36 మందిలో అల్లపు పొడి డైమెన్‌హైడ్రినేట్ మాత్రను మించింది. 1991లో మరొక పరీక్షలో ఫలితమే కనబడలేదు. 2003లో, శరీరం కదలకుండా కళ్ల ముందు చారల డోలు తిరిగే పరీక్షలో అల్లం వికారాన్ని తగ్గించింది. మావాడి బాధకు దగ్గరగా ఉన్నది ఈ చివరిదే. ఇంతటి భేదాలున్నప్పుడు 'దివ్యౌషధం' అని రాయడానికి నా కలం ఒప్పుకోదు.

తర్వాతి వారం గంట ముందు శొంఠిపొడి గోరువెచ్చని నీటితో ఇచ్చాను. అంతకన్నా ముఖ్యంగా, బయలుదేరేముందే ఒక పత్రం పూరింపజేశాను. నిద్రలేమితోనో జలుబుతోనో వెళితే ఆ బాధ కూడా యంత్రం ఖాతాలో పడుతుంది గదా! తిరిగి వచ్చాక లెక్క 22.44. ఇది శొంఠి గుణమో, అలవాటు వల్ల కలిగిన ఓర్పో నేను తేల్చలేను. పలుమార్లు కూర్చున్నకొద్దీ శరీరం సర్దుకోవడం సహజమే.

ఆ రెండు పత్రాలూ తన శిక్షకునికి చూపించాడు. ఆయన కోప్పడలేదు, విహారకాలం తగ్గించి, మధ్య విరామాలిచ్చారు. సిమ్యులేటర్ ఉన్న రోజున మోటారు సైకిలు తాళంచెవి మాత్రం మా చెల్లెలి కొంగుముడిలోనే ఉంటుంది.