మోచేతి మీది నీలిమచ్చ
రక్తపరీక్ష జరిగిన మరునాడు మా మదర్సా విద్యార్థి తల్లి మోచేతి మడతలో నీలిమచ్చ తేలింది. పరాయి పురుషునికి చేయి చూపవచ్చునా అని ఆమె కుమారుని ద్వారా మమ్మల్ని అడిగించారు.

సూది గుచ్చిన రక్తనాళం నుండి కొంత రక్తం చర్మం క్రిందికి చేరితే ఇలా కమిలిపోతుంది. సాధారణంగా అది పచ్చబడి, పసుపు రంగుకు మారి రెండు వారాల్లో మాసిపోతుంది. దానికి పరుగులు అనవసరం. (మోచేయి మడవకుండా దూదితో కొన్ని నిమిషాలు అదిమి ఉంచితే చాలావరకు రానే రాదు. మనకే ఓపిక ఉండదు.)

అయితే ఆమె గుండెజబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు. వాపు పెరుగుతోంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఇక్కడ ఆలస్యం తగదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. మహిళా డాక్టరు దొరకనప్పుడు అవసరమైన మేరకు పురుష డాక్టరుకు చూపడాన్ని ధర్మశాస్త్రం అనుమతిస్తుంది. మాత్రలు సొంతంగా మానవద్దని కూడా చెప్పి, ఆ సాయంత్రమే ఆమెను ఆసుపత్రికి పంపాము.