విద్యార్థి లఘుచిత్రం

విద్యార్థి లఘుచిత్రం అనగా పాఠశాల లేదా కళాశాల విద్యార్థులు చదువులో భాగంగా గాని, పోటీల కోసం గాని, ఆసక్తి కొద్దీ గాని తామే రచించి, చిత్రీకరించి, కూర్చే తక్కువ నిడివి గల చలనచిత్రం. దీని నిడివి సాధారణంగా మూడు నుండి పదిహేను నిమిషాల వరకు ఉంటుంది. ఒకప్పుడు సినిమా శిక్షణ సంస్థలకే పరిమితమైన ఈ పని సెల్‌ఫోను, కంప్యూటరు, అంతర్జాలం విస్తరించిన తరువాత గ్రామీణ విద్యార్థులకు కూడా సాధ్యమైంది. ఈ వ్యాసం దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను ఉదాహరణగా తీసుకొని లఘుచిత్ర నిర్మాణంలోని దశలను వివరిస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడింది.

నేపథ్యం

ముడిఫిల్ము వాడిన కాలంలో 16 మి.మీ. ఫిల్ము వంద అడుగుల చుట్టతో సెకనుకు 24 ఫ్రేముల చొప్పున చిత్రిస్తే మూడు నిమిషాలైనా వచ్చేది కాదు. ఆ ఫిల్మును ప్రయోగశాలకు పంపి శుద్ధి చేయించిన తరువాతనే చిత్రం ఎలా వచ్చిందో తెలిసేది. అందువల్ల ప్రతి షాటునూ ముందుగా కాగితం మీద నిర్ణయించుకొనేవారు. 1990ల నడుమ మినీ డీవీ టేపులు రావడంతో ఖర్చు తగ్గింది. 2005లో మొదలైన యూట్యూబు ప్రదర్శనకు వేదికను కల్పించింది. 2010 తరువాత తెలుగులో లఘుచిత్రాలు విరివిగా వెలువడ్డాయి. లఘుచిత్రాలతో అనుభవం గడించిన తరుణ్ భాస్కర్ తీసిన పెళ్ళి చూపులు (2016) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అమెరికా దర్శకుడు షాన్ బేకర్ 2015లో టాంజరీన్ అనే పూర్తి నిడివి చిత్రాన్ని ఐఫోనుతో తీశాడు.

డిజిటల్ పరికరాలు ముడిఫిల్ము ఖర్చును తొలగించాయి గాని ఆలోచనకు పట్టే శ్రమను తొలగించలేదు. ఎంత తీసినా ఖర్చు కాదన్న ధీమాతో ప్రణాళిక లేకుండా గంటల కొద్దీ చిత్రీకరించడం, చివరకు అందులో కథ దొరకక వదిలివేయడం విద్యార్థుల ప్రయత్నాలలో తరచుగా కనిపించే లోపం.

ఇతివృత్తం ఎంపిక

దగ్గరగా తెలిసిన విషయాన్ని ఎంచుకోవడం మేలు. ఈ ప్రాంతంలో అటువంటి విషయాలకు కొరత లేదు. పోచంపల్లి ఇక్కత్ నేత, గద్వాల, నారాయణపేట చీరలు, మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి వటవృక్షం, పాలమూరు కూలీల వలసలు వీటిలో కొన్ని. చీర నేతకు ముందు చేతితో వేలసార్లు దారాన్ని తిప్పవలసిన ఆసు ప్రక్రియకు యంత్రాన్ని కనుగొన్న చింతకింది మల్లేశం ఈ ప్రాంతం వాడే. ఆయన జీవితం ఆధారంగా 2019లో మల్లేశం చిత్రం వచ్చింది. ఒక పని ఎలా జరుగుతుందో వరుసగా చూపడం తొలి ప్రయత్నానికి తేలికైన మార్గం.

నల్గొండ అనగానే గుర్తుకు వచ్చే ఫ్లోరోసిస్ సమస్యను చిత్రించడంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు చాలా మించిన ఫ్లోరైడు గల నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు వంకరపోవచ్చు. ఒకసారి వచ్చిన వైకల్యం తరువాత మంచి నీరు త్రాగినా పోదు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణతో మొదలైన మిషన్ భగీరథ ద్వారా ఈ గ్రామాలకు కృష్ణా జలాలు చేరాయి. కనుక ఒక వృద్ధుని వంగిన కాళ్ళు నేటి నీటికి సాక్ష్యం కావు, దశాబ్దాల క్రితపు నీటికి సాక్ష్యం. ఈ భేదాన్ని చెప్పని చిత్రం, చూపినదంతా నిజమే అయినా, ప్రేక్షకుని తప్పుదారి పట్టిస్తుంది. అంతేగాక ఈ బాధితులను పత్రికలు, టెలివిజను కెమెరాలు ఎన్నోసార్లు చిత్రించాయి. వారి శరీరాన్ని మరొకసారి చూపకుండానే విషయాన్ని చెప్పే మార్గాలు ఉన్నాయి.

ఉదాహరణ: 480 మంది అభ్యర్థులు

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు సమస్యపై దేశం దృష్టిని ఆకర్షించడానికి జలసాధన సమితి చేపట్టిన ఉద్యమంలో భాగంగా వందలాది మంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి పోలింగు వాయిదా పడింది. చివరకు భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందాడు. ఈ సంఘటనపై అయిదు నిమిషాల చిత్రానికి ప్రణాళిక ఈ విధంగా ఉండవచ్చు.

1. మొదటి 40 సెకండ్లు: వాడుకలో లేని చేతిపంపు, దాని పక్కనే ఇంటి నల్లా. మాటలు ఉండవు.
2. తరువాత 90 సెకండ్లు: ఆనాడు ఓటు వేసినవారు ఒకరిద్దరు తమ గుర్తును ఎలా వెదుక్కున్నారో చెప్పడం. ముఖంతోపాటు మాట్లాడే చేతులను కూడా చూపవచ్చు.
3. తరువాత 70 సెకండ్లు: పాఠశాల మైదానంలో విద్యార్థులు 480 కాగితపు చీటీలను వరుసగా పేర్చడం. ఆ వరుస పొడవే సంఖ్యను చెబుతుంది.
4. తరువాత 70 సెకండ్లు: పరీక్ష కిట్టుతో పాత బోరు నీటిని, నల్లా నీటిని పరీక్షించి ఫలితాన్ని తేదీతో సహా చూపడం.
5. చివరి 30 సెకండ్లు: పాల్గొన్నవారి పేర్లు, కృతజ్ఞతలు.

ప్రణాళిక

ముందుగా చిత్రం దేని గురించో ఒక వాక్యంలో వ్రాసుకోవాలి. అది ఒక వాక్యంలో ఇమడకపోతే విషయం ఇంకా తేలలేదని అర్థం. ఆ తరువాత స్క్రిప్టు వ్రాస్తారు. సినిమా స్క్రిప్టు పద్ధతిలో వ్రాసిన ఒక పుట తెరపై సుమారు ఒక నిమిషం అవుతుందని అంచనా. యూనికోడులో వ్రాసిన స్క్రిప్టును అంతర్జాలంలో అందరూ పంచుకొనే పత్రంగా ఉంచితే వేర్వేరు ఊళ్ళలో ఉన్న విద్యార్థులు కూడా దానిని సవరించవచ్చు.

స్టోరీబోర్డు అంటే ప్రతి షాటుకు ఒక బొమ్మ. బొమ్మలు వేయలేనివారు చిత్రీకరణ స్థలానికి ముందుగా వెళ్ళి, తీయదలచిన సమయంలోనే ఫోనుతో ఫొటోలు తీసి వరుసలో పెట్టుకోవచ్చు. దీనివల్ల ఎండ ఏ వైపు నుండి పడుతుందో, కరెంటు స్తంభాలు అడ్డు వస్తాయో లేదో కూడా తెలుస్తుంది. షాటు సంఖ్య, స్థలం, సమయం, పాల్గొనేవారు, కావలసిన వస్తువులు అనే గడులతో స్ప్రెడ్‌షీటులో షాట్ల పట్టిక తయారుచేసి, ఒకే స్థలంలో తీయవలసినవన్నీ ఒకచోటికి చేర్చాలి. ఈ పీఠభూమిలో వేసవి మధ్యాహ్నపు ఎండకు ముఖాలపై గాఢమైన నీడలు పడతాయి. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత వెలుతురు అనుకూలంగా ఉంటుంది.

చిత్రీకరణ

ఫోనును అడ్డంగా పట్టుకొని, స్టాండుపై గాని గట్టి ఆధారంపై గాని నిలపాలి. ఫోకసును, వెలుతురు మోతాదును షాటు మొదలుకాక ముందే స్థిరపరచాలి. లేనిచో షాటు మధ్యలో చిత్రం తనంతట తాను మారిపోతుంది. జూమ్ చేయడానికి బదులు మనిషికి దగ్గరగా నడిచి వెళ్ళడం మంచిది. డిజిటల్ జూమ్ చిత్రాన్ని పెద్దది చేస్తుంది గాని కొత్త వివరాన్ని చేర్చదు.

భారతదేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతో ప్రవహిస్తుంది. అందువల్ల ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఇది కంటికి తెలియదు గాని తెరపై చారలుగా కనిపించవచ్చు. షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతు లేదా 100వ వంతుగా పెడితే ప్రతి ఫ్రేములోనూ వెలుగు సమానంగా పడి చారలు తొలగుతాయి. ఇతర దేశాల వీడియో పాఠాలలో తరచుగా చెప్పే 60వ వంతు వేగం 60 ఆవర్తనాల విద్యుత్తు ఉన్న ప్రాంతాలకు ఉద్దేశించినది.

ధ్వని, మాండలికం

ప్రేక్షకుడు మసక చిత్రాన్ని ఓర్చుకుంటాడు గాని వినబడని మాటను ఓర్చుకోడు. రెండవ ఫోనును రికార్డరుగా మార్చి మాట్లాడేవారి ఛాతీకి దగ్గరగా ఉంచడం ఖర్చులేని ఉపాయం. షాటు మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఆ శబ్దం ఆధారంగా కూర్పులో రెండింటినీ కలపవచ్చు. విమాన మోడ్‌లో ఉంచితే ఫోను మధ్యలో మ్రోగదు. బోరు మోటారు, గుడి మైకు, గాలి హోరు లేని సమయాన్ని ఎంచుకోవాలి. ప్రతి స్థలంలోనూ ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం పాటు అక్కడి సహజ నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే కూర్పులో అతుకులు తెలియవు.

సంభాషణలను పుస్తక భాషలోకి మార్చడం మరొక సాధారణ లోపం. మాట్లాడే మనిషి చెప్పిండు, పోయిండు అన్నప్పుడు ఉపశీర్షికలో చెప్పాడు, వెళ్ళాడు అని వ్రాస్తే అతని భాషను తప్పు దిద్దినట్లవుతుంది. అన్న మాటనే అన్నట్లు వ్రాయడం ఉచితం.

ఫైళ్ళ భద్రత

1080 పిక్సెళ్ళ హెచ్‌డీ వీడియోకు ఫోనును బట్టి నిమిషానికి సుమారు 60 నుండి 130 మెగాబైట్లు పడుతుంది. అయిదు నిమిషాల చిత్రానికి పదింతలు, అనగా 50 నిమిషాలు తీస్తే ఆరున్నర గిగాబైట్ల వరకు కావాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపిస్తే నాణ్యత తగ్గుతుంది కనుక ఫైళ్ళను కేబులు ద్వారా కంప్యూటరుకు చేర్చాలి. మూడు నకళ్ళు, రెండు రకాల పరికరాలపై, ఒకటి వేరే చోట ఉంచడం అనుసరించదగిన నియమం. నకలు సరిగా తెరుచుకుంటున్నదో లేదో చూసిన తరువాతనే ఫోనులోనిది తొలగించాలి.

కూర్పు

షాట్‌కట్, ఓపెన్‌షాట్, కేడెన్‌లైవ్ అనేవి ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్టువేరులు. డావిన్సీ రిసాల్వ్ ఉచిత రూపంలో కూడా లభిస్తుంది గాని దానికి శక్తివంతమైన కంప్యూటరు కావాలి. పాఠశాలలోని పాత కంప్యూటరుపై పనిచేయడానికి ప్రాక్సీలు, అనగా తక్కువ పరిమాణపు నకళ్ళు తయారుచేసుకొని, చివరి ప్రతిని మాత్రం అసలు ఫైళ్ళతో తయారుచేస్తారు. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచవు కనుక విడిగా రికార్డు చేసిన ధ్వని క్రమంగా పెదవుల కదలికకు తప్పిపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ వంటి సాఫ్టువేరుతో ముందుగా స్థిర వేగానికి మార్చుకుంటే ఈ చిక్కు ఉండదు.

మొదట కథ అర్థమయ్యేలా మొరటు కూర్పు చేసి, చిత్రంతో సంబంధం లేనివారికి చూపించి, వారికి అర్థం కాని చోట్లను సవరించాలి. రంగుల దిద్దుబాటు, సంగీతం, పేర్లు ఆ తరువాతి పనులు.

అనుమతులు, హక్కులు

మాట్లాడినవారి అంగీకారాన్ని చిత్రం ఎక్కడెక్కడ ప్రదర్శింపబడుతుందో తెలిపిన తరువాతనే తీసుకోవాలి. ఊరి బడిలో చూపుతామని చెప్పి అంతర్జాలంలో ఉంచడం అంగీకారాన్ని మీరడమే. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం అవసరం. బాల కార్మికులు, నేర బాధితులైన పిల్లల గుర్తింపును వెల్లడించడాన్ని బాల న్యాయ చట్టం (2015) నిషేధిస్తున్నది.

భారత కాపీహక్కు చట్టం (1957) ప్రకారం సినిమాలకు, ధ్వని ముద్రణలకు 60 సంవత్సరాల పాటు హక్కులు ఉంటాయి. విద్యాసంస్థలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు జరిగే ప్రదర్శనలకు చట్టంలో కొంత మినహాయింపు ఉంది. అది అంతర్జాలానికి వర్తించదు. బతుకమ్మ పాటల వంటి సంప్రదాయ గీతాలు అందరివీ అయినా, వాటిని పాడి విడుదల చేసిన రికార్డులకు హక్కుదారులు ఉంటారు. ఊరి గాయకుల చేత పాడించి, వారి అంగీకారంతో రికార్డు చేసుకోవడం సులభమైన పరిష్కారం. రక్షిత కట్టడాలు, ఆనకట్టలు, అమ్రాబాద్ వంటి అభయారణ్యాలలో చిత్రీకరణకు సంబంధిత శాఖల అనుమతి పొందాలి. డ్రోన్లకు 2021 నాటి డ్రోన్ నియమాలు వర్తిస్తాయి.

ప్రదర్శన

బాలల చలనచిత్ర సంఘం హైదరాబాదులో నిర్వహించిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవంలో 2013లో పిల్లలు తీసిన చిత్రాలకు ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేశారు. ఈ సంఘం 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది. విద్యార్థులు తమ చిత్రాలను కళాశాల ఉత్సవాలకు, లఘుచిత్ర పోటీలకు, యూట్యూబుకు పంపవచ్చు. అయితే బయటి ప్రదర్శనకు ముందే, చిత్రంలో కనిపించినవారికి వారి ఊరిలోనే చూపించడం మంచి పద్ధతి. పేర్లలో, తేదీలలో దొర్లిన పొరపాట్లు అక్కడే బయటపడతాయి. తన మాటను తొలగించమని ఎవరైనా కోరితే డిజిటల్ కూర్పులో అది కొద్ది నిమిషాల పని. అంతర్జాలంలో వ్యాపించిన తరువాత అది దాదాపు అసాధ్యం.